పటం ఎవ్వరిది?

కూనపులి హనుమండ్లు ఊళ్ళోకి వస్తుంటే ముందు పటం కనిపించేది, తరువాత మీసం, ఆ తరువాతే మనిషి. చుట్టిన పటాన్ని నెత్తిన అడ్డంగా పెట్టుకొని, బాట మొత్తం తన పేరున పట్టా అయినట్టు నడిచేవాడు. వెనక మద్దెల మెడకేసుకొని తమ్ముడు కొండల్ వచ్చేవాడు. "అన్నా, గీ వాగు దాటేదాంక నేను మోస్త ఇయ్యరాదే" అని కొండల్ అడగని ఏడాది లేదు, హనుమండ్లు ఇచ్చిన ఏడాదీ లేదు.

మంథని పక్కన, గోదావరి గాలి తగిలేంత దగ్గరలో వాళ్ళ ఊరు. కూనపులి వాళ్ళ పని పద్మశాలీల కులకథ చెప్పడం. పులినెక్కి తిరిగిన మూలపురుషుడు భావనారుషి మొదటి బట్ట ఎట్లా నేశాడు, కాలవాసురుడనే రాక్షసుణ్ణి ఎట్లా గెలిచాడు, మగ్గం భూమ్మీదికి ఎట్లా వచ్చింది అన్నది ఆ కథ. మగ్గాలున్న ప్రతి ఊరూ ఏదో ఒక కూనపులి ఇంటి వంతుకు వస్తుంది. హనుమండ్లు వంతులో మంథని చుట్టుపక్కల ఊళ్ళూ, గోదావరి దాటాక చెన్నూరు వైపు కొన్నీ ఉండేవి. ఏడాదికోసారి పోకపోతే సాలెవాళ్ళు అలిగేవారు. పోయినప్పుడు మర్యాద కొంచెం తగ్గితే హనుమండ్లు అలిగేవాడు. రెండింటిలో ఎక్కువసార్లు జరిగింది రెండోదే.

పటం తాతనాటిది. ఇంటి దూలం కన్నా పొడుగున్న నూలుగుడ్డ మీద నకాషీ చిత్రకారులు పైనుంచి కిందికి వరుసగా బొమ్మలు వేసి ఇచ్చారు. రెండు గుంజలు పాతి, అడ్డకర్ర కట్టి, పటాన్ని దానికి వేలాడదీసి, కథ నడిచినకొద్దీ విప్పుతూ పోవాలి. చేతిలో పొడుగాటి బెత్తం ఉంటుంది. ఆ బెత్తం కొస ఏ బొమ్మ మీద ఆగితే ఆ బొమ్మకు ప్రాణం వస్తుందని ఊళ్ళో నమ్మకం. అందరికన్నా గట్టిగా నమ్మినవాడు హనుమండ్లే.

కథ ముగిశాక ఒక ఆనవాయితీ ఉండేది. హనుమండ్లు బెత్తాన్ని నేలకు ఆనించి, జనం వైపు తిరిగి, గొంతంతా పెట్టి అడిగేవాడు. "పటం ఎవ్వరిదీ?" సాలెవాడ మొత్తం ఒక్క గొంతుతో "మాదీ!" అనేది. ఆ మాట పడితేనే పటం చుట్టాలి. అన్నేళ్ళుగా వింటున్నా, ఆ మాట పడ్డ ప్రతిసారీ హనుమండ్లుకు ఒళ్ళు పులకరించేది. ఏ ఊళ్ళోనూ ఏనాడూ ఆ జవాబు ఆలస్యం కాలేదు.

ఇక ఆ పటంలో హనుమండ్లుకు పంచప్రాణాలైన బొమ్మ ఒకటుంది. చిట్టచివర, యుద్ధానికీ మగ్గానికీ మధ్య, ఒక మూలన ఒక మనిషి కూర్చొని ఉంటాడు. చేతిలో తనకన్నా పొడుగైన విల్లు ఉంటుంది. చుట్టూ తెల్లతెల్లటి మచ్చలు. రంగు వెలిసి ముఖం సరిగా తెలియదు. అతను కాలవాసురుడి ఆఖరి విలుకాడని తాత చెప్పేవాడట. బాపు కూడా అట్లాగే చెప్పాడు. హనుమండ్లు దానికి ఉప్పూ కారం దట్టించాడు. ఆయన చెబితే విలుకాడు పళ్ళు పటపట కొరికేవాడు, తెల్లమచ్చలన్నీ అంబుల రాపిడికి లేచిన దుమ్మయ్యేవి, ముందు వరుసలోని పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవారు. "విలుకాడు వచ్చినంక నన్ను లేపుండ్రి" అని పక్కవాళ్ళకు చెప్పి కునుకు తీసే ముసలివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటి ఏడు, వాళ్ళ ఊరి సాలెవాడ పెద్ద రాజం పటం అంచును వేళ్ళతో నలిపి చూశాడు. రాజం ముసలి నేతగాడు. మాట తక్కువ. ఆ కొద్ది మాటకే వాడంతా కట్టుబడేది.

"హనుమండ్లూ, గిది ఇగ ఆగది. మడత మడతకు పిగులుతున్నది. కొత్తది రాయిద్దం" అన్నాడు.

రాయించారు. హనుమండ్లు నకాషీల ఇంట్లోనే మకాం పెట్టి ప్రతి బొమ్మ దగ్గరా వాళ్ళ ప్రాణం తీశాడు. పాత పటంలో విలుకాడికి అంబు కనిపించదు. చేతిలో ఏదో మొండికట్టె లాంటిది ఉంటుంది అంతే. "అంబులపొది లేని విలుకాడు ఏడన్న ఉంటడా? జర మంచిగ పెట్టుండ్రి" అని వీపున పొది పెట్టించాడు, నోటికి కోరలు పెట్టించాడు, మొండికట్టెను నిగనిగలాడే బాణం చేయించాడు. తెల్లమచ్చలు ముఖానికి అడ్డం వస్తున్నాయని తీసేయించాడు. విలుకాడు ఇప్పుడు చూడటానికే భయంకరంగా ఉన్నాడని తెగ మురిసిపోయాడు.

కొత్త పటానికి కళ్ళు దిద్దాక పాతదానికి గోదావరే దిక్కు. అది వాళ్ళ ధర్మం. మనిషిని సాగనంపినట్టే డప్పులతో ఒడ్డుకు తీసుకుపోయి, ఇసుక మీద ఆఖరిసారి విప్పి, పసుపుకుంకుమలు చల్లి, ఆఖరిసారి ఆ ప్రశ్న అడగాలి. ఆ ఒక్కసారి ఎవరూ జవాబు చెప్పరు. మగవాళ్ళు తల వంచుకొని, ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడతారు. ఆ మౌనంతోనే పటం ఎవరిదీ కాకుండా పోతుంది, గోదావరిదవుతుంది.

హనుమండ్లు ఆ రోజు పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తాత వేళ్ళు, బాపు వేళ్ళు, తన వేళ్ళు పట్టి పట్టి నల్లబడిన అంచును ఇంకోసారి తడిమాడు. అయినా పెద్దల పద్ధతి కాబట్టి మీసం సరిచేసుకొని నిలబడ్డాడు.

"పటం ఎవ్వరిదీ?"

ఎవరూ పలకలేదు. డప్పులు కూడా ఆగిపోయాయి. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"ఆగండి! ఒక్క నిమిషం ఆగండి!"

ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత పట్టుకొని, ఇసుకలో పడుతూ లేస్తూ ఒక పెద్దమనిషి పరుగెత్తుకొస్తున్నాడు. పేరు వామనరావు. హైదరాబాదు పట్నంలోని ఒక అజాయబ్ ఘర్‌లో, అంటే పాత వస్తువులు దాచి జనానికి చూపించే మ్యూజియంలో, ఆయన అధికారి. మంథని గుళ్ళలో రాళ్ళ మీది రాతలు ఎత్తి రాసుకోవడానికి వచ్చి, డప్పుల చప్పుడు విని ఒడ్డుకు వచ్చాడు. మాట్లాడకూడని చోట మాట్లాడాడని ఆయనకు తెలియదు పాపం. రాజం ముఖం కందగడ్డ అయింది.

"ఎవలయ్యా నువ్వు? సాగనంపేకాడికొచ్చి నోరు తెరుస్తరా? గోదావరి ఇయ్యాల దీన్ని పట్టదు. ఎంత పని చేసినవ్!"

వామనరావు చేతులు జోడించాడు. విషయం తెలిశాక ఇంకా గట్టిగా జోడించాడు. తరువాత పటం పక్కన ఇసుకలోనే కూలబడి, నేతగాడి బొమ్మను చూపించాడు.

"పెద్దమనిషీ, మీ మగ్గానికి తాడు లాగితే నూలు మోసే నాడె అదే ఉరుకుతది కదా. ఈ బొమ్మల చూడు. చేత్తో విసురుతున్నడు."

రాజం వంగి చూశాడు. కోపం ఎక్కడికీ పోలేదు కానీ చూపు మాత్రం బొమ్మ మీదే నిలిచింది. "మా తాత గిట్లనే ఇసిరేటోడు. ఎడమచేత్తోని పట్టేటోడు" అన్నాడు మెల్లగా.

"నేను ఊరూరు తిరిగి రాళ్ళ మీది రాతలు రాసుకుంటున్న. రాజు పేరున్నది, రాజు ఇచ్చిన భూమున్నది. మీ తాత నాడె ఎట్ల పట్టిండో ఏ రాయి మీదా లేదు. దీని మీదున్నది. దేశం కథ చెప్పాలంటే ఆ రాయి, ఈ బొమ్మ పక్కపక్కన పెట్టాలె. నాకియ్యండి. పాణంలెక్క చూసుకుంట."

అంటూనే ఆయన చూపు చివరి మూలకు పోయింది. "ఇదేంది, గింత పెద్ద విల్లుకు అంబు లేదేం?"

హనుమండ్లు మీసం దువ్వాడు. "ఇడిచిండు సారూ. ఇడిచినంక చేతిల ఉంటదా?"

సాలెవాళ్ళంతా ఫక్కున నవ్వారు. వామనరావు కూడా నవ్వాడు, కానీ ఇంకోసారి ఆ బొమ్మ వైపు చూశాడు. ఆ నవ్వుతో గాలి కొంచెం తేలికైంది. రాజం తన తీర్పు చెప్పాడు.

"ఎవ్వరిది కాని పటం ఏ ఇంట్ల ఉండరాదు. తీస్కపో. ఏడాది తిరిగినంక మా హనుమండ్లు గాడికొస్తడు, కథ చెప్తడు, అడుగుతడు. గా పట్నంల ఒక్కడన్న మాది అంటే ఆన్నే ఉండనీ. ఎవ్వడు అనకుంటె వాపస్ తెచ్చి గోదారికే ఇస్తం. నువ్వు మాత్రం అనొద్దు. అడిగి తీస్కపోయేటోనివి, నీ మాట చెల్లది."

వామనరావు ఒప్పుకున్నాడు. హనుమండ్లు ఎగిరి గంతేయలేదు గానీ, లోపల అదే పని చేశాడు. తాత పటం చావలేదు. అంతకన్నా ఏం కావాలి!

ఆ ఏడాది హనుమండ్లు కాళ్ళు నేల మీద నిలవలేదు. కొత్త పటం విప్పిన ప్రతి ఊళ్ళోనూ ముందు పాత పటం సంగతి చెప్పేవాడు. "మా తాత పటం ఇప్పుడు పట్నంల ఉన్నది. రాజుల కత్తులు ఓ దిక్కు, సాలోళ్ళ కథ ఓ దిక్కు" అనేవాడు. అంబు ఇడిచినంక చేతిల ఉంటదా అని పెద్ద ఆఫీసరు నోరు మూయించిన సంగతి కూడా వదలకుండా చెప్పేవాడు. భార్య లస్మవ్వ వినీ వినీ విసిగిపోయింది.

"రాజుల పక్కన యాలాడేది గుడ్డ, నువ్వు కాదు. జర కిందికి దిగు, బువ్వ తిందువు" అనేది.

కానీ లస్మవ్వకు ఇంకోటి కూడా తెలుసు. ఆయన పడుకునేటప్పుడు పై కప్పు చూస్తూ ఉంటాడు. ఒకరోజు ఆమే అడిగింది. "గా ఊళ్ళె ఎవ్వరున్నరయ్యా మాది అననీకి?" హనుమండ్లు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఏడాదిగా ఆయన్ని తొలుస్తున్నది అదే. ఊరు కాని ఊళ్ళో, కులం కాని జనంలో, ఎవరి నోట ఆ మాట వస్తుంది?

గడువు వచ్చింది. అన్నదమ్ములు పెద్దపల్లి దాకా బస్సులో, అక్కణ్ణుంచి రైల్లో పట్నం చేరారు. హనుమండ్లు కథకుడు కదా, ఏ ఊరికి పోయినా ముందు సాలెవాడ వెతుక్కుంటాడు. వెతికి, బట్టల మిల్లు పక్కన ఉంటున్న కరీంనగర్ దిక్కు నేతవాళ్ళను పట్టుకున్నాడు. వాళ్ళు ఎంత సంబరపడ్డారో చెప్పలేం. కాళ్ళకు నీళ్ళిచ్చారు, కడుపునిండా పెట్టారు, తెల్లారి తప్పకుండా వస్తామన్నారు. హనుమండ్లు గుండె కుదుటపడింది. కానీ తెల్లారితే పని రోజు. మిల్లు కూత కూసింది, వాళ్ళు పనిలోకి పోయారు. ఊరి మగ్గం ఎప్పుడంటే అప్పుడు ఆపొచ్చు, మిల్లును ఎవరు ఆపుతారు?

అజాయబ్ ఘర్‌లో అడుగు పెట్టగానే మెట్ల దగ్గర స్టూలు మీద కూర్చున్న జవాను అడ్డం లేచాడు. ఖాకీ చొక్కా, నెరిసిన గడ్డం, చేతిలో అద్దాలు తుడిచే గుడ్డ.

"కట్టె లోపటికి పోదు."

"బెత్తం లేకుంటె కథ లోపటికి పోదు" అన్నాడు హనుమండ్లు, తనేమీ తగ్గకుండా.

వామనరావు పరుగున వచ్చి ఇద్దరి మధ్య రాజీ కుదిర్చాడు. బెత్తం గాజుకు తగలకూడదు, దీపం వెలిగించకూడదు, కొబ్బరికాయ కొట్టకూడదు, నీళ్ళు చల్లకూడదు. "నోరన్న తెరవొచ్చునా?" అని కొండల్ మెల్లగా అడిగాడు.

వామనరావు ముందు గదులన్నీ తిప్పి చూపించాడు. ఒక గదిలో మట్టికుండలు, ఒక గదిలో రాతి శాసనాలు, వాటి పక్కనే ఆ శాసనం వేయించిన రాజుల కాలపు శిల్పాలు. తరువాత నాణేలు, కత్తులు, నవాబుల పల్లకీ, రంగుల బొమ్మలు. బొమ్మ చూస్తే మనుషులు ఎట్లా ఉండేవారో తెలుస్తుంది, పక్కన రాయి చదివితే ఎప్పుడు ఉండేవారో తెలుస్తుంది. హనుమండ్లు మొదట గుడ్లప్పగించి చూశాడు. మూడు నాలుగు గదులు దాటాక ఆయన నడక మారింది, మీసం లేచింది.

"తమ్మీ, మనకు తెలువని పనేం కాదు గిది. గీడ పుట్టిండ్రు, గీడ ఏలిండ్రు, గీడ పోయిండ్రు. గిదంత ఒక పటమే. గోడలకు ఇప్పి పెట్టిండ్రు" అన్నాడు.

వామనరావు ఆగి ఆయన వైపు తిరిగాడు. "నేను ఇన్నేళ్ళ సంది మా పైవాళ్ళకు అదే చెప్పజూస్తున్న. మాట దొరకలే" అన్నాడు.

ఆ తరువాత మెట్లు. మేడ మీది కప్పు దగ్గర మొదలై, మెట్ల పక్క పెద్ద గోడ మీదుగా కింది నేల దాకా తాత పటం నిలువునా దిగి ఉంది. చినుగులు కుట్టారు. దుమ్ము తీశారు. ఎరుపు ఎరుపులా ఉంది. చెయ్యి తగిలే కింది భాగానికి గాజు బిగించారు. హనుమండ్లు పుట్టి బుద్ధెరిగాక పటాన్ని మొత్తంగా ఒక్కసారి చూడటం అదే మొదలు, ఎందుకంటే ఊళ్ళో అంత పొడుగు గుంజలు ఎవరూ పాతరు. ఆయనకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. దేశమంతా దాచుకునే చోట, రాజుల గదుల నడుమ, మెట్టు మెట్టుకూ కనిపించేలా తాత పటం నిలబడింది. బాపు ఉండి చూస్తే ఎంత బాగుండేది!

మిల్లు నేతవాళ్ళ కోసం చూడగలిగినంతసేపు చూశారు. ఎవరూ రాలేదు. చూడవచ్చిన జనమే పోగయ్యారు. కాలేజీ విద్యార్థులు, తెనాలి నుంచి వచ్చిన ఒక కుటుంబం, బయట తోటలో పనిచేసే ఇద్దరు మాలీలు. హనుమండ్లు పై మెట్టు మీద నిలబడి, కొండల్ వైపు చూసి తలూపాడు. మద్దెల మోగింది.

కథ మెట్లు దిగుతూ నడిచింది. జనం కూడా ఆయనతో పాటే ఒక్కో మెట్టూ దిగారు. భావనారుషి పులినెక్కినప్పుడు తెనాలి పిల్లలు చప్పట్లు కొట్టారు. పెళ్ళి బొమ్మ దగ్గర వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంది. అట్టడుగుకు వచ్చేసరికి హనుమండ్లు మంచి ఊపులో ఉన్నాడు. విలుకాణ్ణి అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. పళ్ళు కొరికాడు, విల్లు వంచాడు, కోట్ల కొద్దీ అంబులు దుమ్ము రేపాయన్నాడు. ఒక విద్యార్థి అదిరిపడి మెట్టు తప్పాడు. రాక్షసుడు కూలాడు, మగ్గం నిలిచింది, కథ ముగిసింది.

హనుమండ్లు బెత్తాన్ని నేలకు ఆనించాడు.

"పటం ఎవ్వరిదీ?"

అందరూ బాగుందన్నట్టు చూస్తున్నారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. అది జవాబు చెప్పాల్సిన ప్రశ్న అని వాళ్ళకేం తెలుసు? ఒక విద్యార్థి వామనరావు వైపు చూశాడు. వామనరావు ఇచ్చిన మాటకు కట్టుబడి పెదవులు బిగించి నేల చూస్తున్నాడు.

"పటం ఎవ్వరిదీ?" ఈసారి గొంతు అంత లేవలేదు.

గోదావరి ఒడ్డున పడ్డ మౌనమే మళ్ళీ పడింది. హనుమండ్లు పటం అడుగు అంచు వైపు చూశాడు. తానే ఇంత దూరం వచ్చి, తన నోటితో అడిగి, తాత పటాన్ని రెండోసారి చంపుకున్నాడు. దీన్ని మళ్ళీ చుట్టి, నెత్తిన పెట్టుకొని, ఆ ఒడ్డుకే మోసుకుపోవాలి.

"మాది."

స్టూలు మీది జవాను లేచి నిలబడ్డాడు. హనుమండ్లు గిరుక్కున తిరిగాడు.

"నీదా? సాలోనివా నువ్వు?"

"కాదు. దూదేకులోన్ని. మదార్ అంటరు. భైంసా మాది."

"మరి నీదెట్లయితది?"

మదార్ గాజు దగ్గరికి వచ్చి, చేతిగుడ్డతో విలుకాడి చుట్టూ ఒకసారి తుడిచాడు. "వీడు మావోడు. ఏడాది సంది రోజు పొద్దుగాల వీని ముఖమే తుడుస్తున్న. గిది యుద్ధం విల్లు కాదు, దూది ఏకే విల్లు. చేతిల ఉన్నది అంబు కాదు, తాడు మీటే గుండ్రటి కట్టె. సుట్టూర తెల్లగ లేస్తున్నది దూది. మా తాత గిట్లనే కూసునేటోడు, గడ్డం నిండ దూదే ఉండేది. నువ్వేమొ రాచ్చసుడంటివి. కథ నడుమ లేస్తే బాగుండదని ఊకున్న."

అందరూ గాజు మీదికి వంగారు. హనుమండ్లు కూడా వంగాడు. అంతదాకా ఆయన ఆ బొమ్మను పెట్రోమాక్స్ వెలుగులో, బెత్తమంత దూరం నుంచే చూశాడు. ఇప్పుడు దగ్గర నుంచి పగటి వెలుగులో చూశాడు. విల్లు తాడు ముందుకు కాదు, నేల వైపు ఉంది. మనిషి కాళ్ళు మడిచి తాపీగా కూర్చున్నాడు. యుద్ధంలో అట్లా ఎవడు కూర్చుంటాడు? యుద్ధానికీ మగ్గానికీ మధ్య ఆ బొమ్మ ఎందుకుందో ఒక్కసారిగా తెలిసిపోయింది. పత్తి ఏకితే నూలు, నూలుంటే మగ్గం. నకాషీలు సరైన చోటే కూర్చోబెట్టారు.

హనుమండ్లు ముఖం మీదికి వేడి ఎగదన్నింది. మూడు తరాలుగా ఒక పనివాణ్ణి పట్టుకొని రాక్షసుడన్నారు. ఆ బొమ్మతోనే పేరు తెచ్చుకున్నారు. అదీ ఇంతమంది ముందు బయటపడింది. కొండల్ అన్న కోపానికి భయపడి మద్దెల వెనక్కి తీశాడు. కానీ హనుమండ్లుకు ఇంకో సంగతి తట్టింది. కొత్త పటంలో విలుకాడికి పొది ఉంది, కోరలున్నాయి, దూది లేదు. పాత పటం గోదావరిలో కలిసి ఉంటే ఈ మనిషి లోకంలో ఎక్కడా ఉండేవాడు కాదు. ఇసుకలో కూలబడి ఇది నాకియ్యండి అని అడుక్కున్న వామనరావు వైపు చూశాడు. ఆయనకు చేతులెత్తి మొక్కాలనిపించి, మొక్కాడు.

"మదార్ తాతా, జర ఆగు" అని బెత్తం ఎత్తాడు. ఇందాకటి జవాను నిమిషంలో తాత అయిపోయాడు. "తమ్మీ, కొట్టు మద్దెల."

ఆ బొమ్మను మళ్ళీ చెప్పాడు. తాత చెప్పనిది, బాపు చెప్పనిది, అక్కడికక్కడే పుట్టింది. మగ్గం నిలిచింది గానీ నూలేదని భావనారుషి అడిగాడు. నేనున్నా అని విల్లు భుజాన వేసుకొని ఒకడొచ్చాడు. మీటితే తాడు పాడింది, మబ్బుల్లా దూది లేచింది. మధ్యలో మదార్‌ను చూసి "ఎట్ల మోగుతది తాతా?" అంటే, ఆ ముసలాయన సిగ్గుపడుతూనే "టంయ్... టంయ్" అని నోటితో మోగించాడు. కొండల్ దాన్ని మద్దెల మీదికి ఎక్కించాడు.

"పటం ఎవ్వరిదీ?"

"మాదీ!" మదార్ ఈసారి గొంతెత్తాడు. ఆయన వెంటే మాలీలు అన్నారు, తెనాలి పిల్లలు అన్నారు, విద్యార్థులు అన్నారు. మెట్లన్నీ మోగాయి. వామనరావు ఒక్కడే అనలేదు. ఆయన చెల్లని మాటవాడు కదా, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు. హనుమండ్లుకు ఒళ్ళు పులకరించింది. అట్లాంటి గర్వం ఆయన జన్మలో ఎన్నడూ పడలేదు.

ఊరికి తిరిగొచ్చాక రాజం ముందు జరిగింది జరిగినట్టు చెప్పాడు. తన తప్పు కూడా మింగకుండా చెప్పాడు. రాజం విని, "అన్నోడు ఎవలు?" అని మాత్రం అడిగాడు.

"దూదేకులాయిన పెద్దయ్యా. సాలోడు కాదు."

రాజం చేతిలోని నూలు కండె పక్కన పెట్టాడు. వాళ్ళ వాడ చివరన కూడా ఒక దూదేకుల ఇల్లుంది. మిల్లు నూలు వచ్చాక వాళ్ళకు పని తగ్గింది, పరుపులు కుట్టుకొని బతుకుతున్నారు. "నా చిన్నప్పుడు వాండ్ల విల్లు చప్పుడుకే నాకు తెల్లారేది. చెల్లుతది పో. పటం ఆన్నే ఉండనీ" అన్నాడు.

ఆ ఏడు సాలెవాడలో కొత్త పటం విప్పినప్పుడు, విలుకాడి కోసం అందరూ సర్దుకొని కూర్చున్నారు. ముసలివాళ్ళను లేపారు. హనుమండ్లు బొమ్మ దగ్గరికి వచ్చి, అరచేత్తో దాని కోరలు మూశాడు.

"గీడ ఒక తప్పున్నది. నకాషోళ్ళది కాదు, నాది. వచ్చే యేటికి దిద్దిపిస్త. ఇయ్యాల జర మనసుతోని చూడుండ్రి" అని, చెయ్యి తీయకుండానే దూదేకే మనిషి కథ చెప్పాడు. కొండల్ మద్దెల మీద విల్లు మోగించాడు. కొంగుల్లో దూరడానికి సిద్ధంగా ఉన్న పిల్లలు దూరడం మరిచిపోయి, టంయ్ టంయ్ అని తామూ అందుకున్నారు.

"పటం ఎవ్వరిదీ?"

"మాదీ!" అంది సాలెవాడ, ఎప్పటిలాగే ఒక్క గొంతుతో.

హనుమండ్లు పటం చుట్టలేదు. ఆయన చూపు జనం వెనక్కి, ప్రతి ఏడూ గోడవారన నిలబడి కథ విని పోయే దూదేకుల ముసలమ్మ పీరవ్వ దగ్గరికి పోయింది. ఆమె అటూ ఇటూ చూసింది. తరువాత, అందరికన్నా ఆలస్యంగా, సన్నగా అంది.

"మాది."

రాజం వెనక్కి తిరిగి చూసి, చాప మీద ఒకపక్కకు జరిగాడు. హనుమండ్లు ఆమె వచ్చి కూర్చునేదాకా ఆగి, అప్పుడు పటం చుట్టాడు.